వీరగల్లు లేని వీరుడు
(వైమానిక దళాధిపతి ఇద్రీస్ హసన్ లతీఫ్ గారి దీర్ఘజీవిత స్మరణము)



మన తెలంగాణమునందు అనేక గ్రామములలో పొలిమేరయందో, దేవాలయ ప్రాంగణమునందో వీరగల్లులు కానవచ్చును. పసులమందను మరలించుటకై పోరి పడినవాడును, ఊరిని కాచుటకై ప్రాణము విడిచినవాడును ఆ శిలలపై ఖడ్గపాణియై నిలిచియుండును. ఊరివారు వానికి పసుపుకుంకుమలు పెట్టుదురు, కొబ్బరికాయ కొట్టుదురు. ఇది మిక్కిలి గౌరవింపదగిన ఆచారము. కాని ఆ శిలలను చూచినప్పుడెల్ల మాకొక సందేహము కలుగుచుండెడిది. ఆ యుద్ధమునకే పోయి, అంతటి ధైర్యముతోనే పోరాడి, బ్రతికి ఇల్లుచేరి, ఆలుబిడ్డలను పోషించుకొని, తుదకు ముదిమిచే కన్నుమూసినవానికి శిల యేది? చచ్చినవానికి రాయి మిగిలినది. బ్రతికివచ్చినవానికి ఆ రాయియు లేదు. వాని కథ వాని ఇంటివారి నోటనుండి, ఆ ఇంటివారును పోయిన పిదప మాసిపోవుచున్నది.

మన సంఘసంచికలయందును ఈ లోపము కలదు. సత్రములు కట్టించిన దాతలను, విద్యార్థి వసతిగృహములకు స్థలమిచ్చిన పుణ్యాత్ములను, పదవులలంకరించిన పెద్దలను ఏటేట స్మరించుచున్నాము. యుద్ధభూమినుండి తిరిగివచ్చి దీర్ఘకాలము గృహస్థులై జీవించినవారిని స్మరించుట మాత్రము అరుదు. కావున ఈ యేడు మేము అట్టి యొక మహాపురుషుని చరిత్రమును వ్రాయ సంకల్పించితిమి. ఆయన మన హైదరాబాదు బిడ్డ. మన కులమువాడు కాడు; మన మతమువాడును కాడు. కులసంఘ సంచికయందు అన్యుని చరిత్రయేలయని కొందరు సభ్యులడుగవచ్చును. దానికి సమాధానము ఈ వ్యాసమునందే కలదు. ఓపికతో తుదివరకు చదువుడని ప్రార్థన.

పట్టణమును సైన్యమును

మన పాతబస్తీలోను, మూసీ ఆవలి యొడ్డునను పేటల పేర్లను పరికించినచో సైనికచరిత్ర కండ్లకు కట్టును. బార్కస్ అను పేరు సైనికనివాసమను అర్థముగల బ్యారక్స్ అను ఆంగ్లపదమునకు వికృతి. నిజాము కొలువులోని అరబ్బు సైనికులు అచ్చట నివసించిరి. ఏ.సీ. గార్డ్స్ అనునది నిజాముగారి ఆఫ్రికా అశ్వదళము పేరు. ఫస్ట్ లాన్సర్ అనునది బల్లెములు ధరించిన రౌతుల పేరు. గన్‌ఫౌండ్రీ అని నేడు పిలువబడు చోట 1786లో ఫ్రెంచి సేనానియగు రేమాండు ఫిరంగులు పోతపోయించెను. ఆ సైన్యములు పోయినవి, ఆ ఫిరంగులు పోయినవి. పేర్లు మాత్రము బస్సుల పలకలపై మిగిలినవి.

మొదటి ప్రపంచయుద్ధమున హైదరాబాదు లాన్సర్లు 15వ ఇంపీరియల్ సర్వీసు అశ్వదళమునందు చేరి, జోధ్‌పూరు, మైసూరు రౌతులతో కూడి పాలస్తీనమునకు పోయిరి. 1918 సెప్టెంబరు 23వ తేదీన హైఫా పట్టణమును జయించినది ఆ దళమే. ఢిల్లీలోని తీన్‌మూర్తి కూడలియందలి మూడు విగ్రహములు ఆ మూడు సంస్థానముల రౌతులకు గుర్తు. 2018లో ఆ కూడలికి హైఫా నామమును చేర్చిరి.

గగనయుద్ధముతోను మన పట్టణమునకు ఆదినుండి సంబంధము కలదు. 1918లో నిజాముగారి ధనముతో సమకూర్చబడిన 110వ ఆంగ్ల విమానదళమునకు హైదరాబాదు పేరు పెట్టబడెను. రెండవ ప్రపంచయుద్ధమున 152వ దళమునకును అదే పేరు. 1940లో ఇంగ్లండుపై జర్మనులు విమానములతో దాడిచేసినప్పుడు ఆ దళమువారు స్పిట్‌ఫైర్ విమానములెక్కి పోరిరి. వారి చిహ్నమునందు నిజాముగారి శిరోవేష్టనము చిత్రింపబడియుండెను. అయితే ఆ విమానములకు ధనము మనది, ఎక్కినవారు పరులు. హైదరాబాదు బిడ్డలు తామే ఎక్కి ఎగురవలసిన దినము పిమ్మట వచ్చినది.

జననము, విద్య, విమానదళ ప్రవేశము

ఇద్రీస్ హసన్ లతీఫ్ గారు 1923వ సంవత్సరము జూన్ 9వ తేదీన హైదరాబాదునందు జన్మించిరి. వారిది సులేమానీ బోహ్రా శాఖకు చెందిన విద్యావంతుల కుటుంబము. బోహ్రా యను శబ్దము గుజరాతీ భాషయందు వ్యాపారార్థకమైన ధాతువునుండి పుట్టినదని పెద్దలు చెప్పుదురు. మన సంస్కృతమునందలి వ్యవహార శబ్దమునకు అది దూరపు బంధువు. ఆ శాఖ జనసంఖ్యచే మిక్కిలి చిన్నది. సంఘము చిన్నదైనంత మాత్రమున అందు పుట్టినవారి సేవ చిన్నది కానక్కరలేదని లతీఫ్ గారి జీవితము చాటుచున్నది. మన సభలయందు సంఖ్యాబలమును గూర్చి తరచుగా ప్రసంగించువారు ఈ సంగతిని గమనింపగలరు.

నిజాము కళాశాలయందు చదివి, 1941లో పదునెనిమిదేండ్ల ప్రాయమున వారు భారత వైమానికదళమున చేరి, 1942 జనవరిలో అధికారిగా నియమింపబడిరి. ఆనాటి స్థితిని పాఠకులు జ్ఞప్తికి తెచ్చుకొనవలయును. భారత వైమానికదళము పుట్టి అప్పటికి పదియేండ్లు మాత్రమే. 1942 మార్చిలో జపానువారు రంగమును, అనగా రంగూను పట్టణమును, పట్టుకొనిరి. ఏప్రిల్ 6వ తేదీన మన విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు పడినవి. బర్మాలో ఓడరేవులయందును ధాన్యపు మిల్లులయందును కష్టించి బ్రతుకుచుండిన తెలుగు కూలీలు మూటాముల్లె నెత్తిన పెట్టుకొని, అరకాను కొండలగుండను, మణిపురపు అడవులగుండను కాలినడకను స్వదేశమునకు బయలుదేరిరి. దారిలో ఆకలిచేతను, విషజ్వరములచేతను రాలిపోయినవారనేకులు. ఆ విధముగా యుద్ధము మన తెలుగువారి యింటిగుమ్మమునకే వచ్చినది.

ఇట్టి కాలమున కరాచీనగరమున సముద్రతీర రక్షణదళమునందు లతీఫ్ గారికి మొదటి పని దొరకెను. అరబ్బీ సముద్రముపై ఎగురుచు శత్రువుల జలాంతర్గాములను వెదకుటయే ఆ పని. వారికిచ్చిన విమానములు వాపిటీ మొదలగు పాతరకములు. రెండు జతల రెక్కలుగలవి, పైకప్పు లేనివి. గంటకు 150 మైళ్ల వేగమైనను వాపిటీకి లేదు. రఘువంశమునందు పదుమూడవ సర్గలో శ్రీరాముడు పుష్పకమునుండి సముద్రమును సీతకు చూపి వర్ణించిన ఘట్టమును మేము పలుమార్లు శిష్యులకు బోధించితిమి. ఆ విమానమున భయము లేదు. అది కోరినచోటికి తానై పోవును. ఈ విమానమున యంత్రమాగెనేని క్రింద నీరే దిక్కు. పందొమ్మిదేండ్ల బాలుడు దినదినమును అట్టి ప్రయాణము చేయుట ఎట్టిదో తల్లిదండ్రులు ఊహించుకొనవలయును.

రంగము యుద్ధము

1943లో కొలదిమంది భారతీయ యువకులను ఏరి, ఉన్నతశిక్షణకై ఇంగ్లండునకు పంపిరి. లతీఫ్ గారు అందొకరు. అచ్చట హరికేన్, స్పిట్‌ఫైర్ విమానములను నడుపుట నేర్చి, 1944లో స్వదేశమునకు మరలి, బర్మా యుద్ధరంగమున పాల్గొనిరి. ఆ సంవత్సరముననే ఇంఫాలు, కొహిమాలయొద్ద జపాను సైన్యము నిలువరింపబడి వెనుకకు మరలినది. అరకాను అడవులయందు రహదారులు లేవు; వర్షాకాలమున నేలయంతయు బురద. సేనలకు కన్నులైనను, బలమైన అండయైనను విమానములే. తక్కువ ఎత్తున ఎగురుచు, చెట్లనడుమ దాగిన శత్రువును గుర్తించి, అతని తుపాకి గుండ్లనుండి తప్పించుకొని మరల గూటికి చేరవలయును. ప్రాతఃకాలమున కలిసి తేనీరు త్రాగిన మిత్రుడు సాయంకాలమునకు ఉండునను నమ్మకము లేదు.

ఆ దినములయందు లతీఫ్ గారితోడి భారతీయ వైమానికులలో అస్ఘర్ ఖాన్, నూర్ ఖాన్ అనువారిరువురుండిరి. ఒకే దేశపు బిడ్డలు, ఒకే దుస్తులు, ఒకే పతాకము, ఒకే అపాయము. ఈ రెండు పేర్లను పాఠకులు జ్ఞాపకమునందుంచుకొనగలరు.

1947: ధర్మసంకటము

మూడేండ్లు తిరుగకముందే దేశము రెండుగా చీలెను. భూమిని పంచినట్లే, ఖజానాను పంచినట్లే, సైన్యమును గూడ పంచిరి. విమానములు పంచబడినవి, పనిముట్లు పంచబడినవి, తుదకు మనుష్యులు పంచబడిరి. ముస్లిము అధికారులు ఏ దేశమున కొలువు చేయదలచినదియు తెలుపవలసియుండెను. లతీఫ్ గారికి అప్పటికి ఇరువదినాలుగేండ్లు. పాకిస్తానమునకు పోవ నిశ్చయించుకొన్న అస్ఘర్ ఖాన్, నూర్ ఖానులు పాతమిత్రుని గూడ తమతో రమ్మని పిలిచిరి. ఆ పిలుపునందు స్నేహము కలదు, లాభము కలదు. క్రొత్త దేశమున అనుభవముగల అధికారులు కొలదిమంది. త్వరగా ఉన్నతపదవి నందవచ్చును. లతీఫ్ గారు వెళ్లలేదు. మతము వేరు, దేశము వేరు, ఒకదానిని రెండవదానితో ముడివేయరాదు అనునది వారి నిశ్చయము.

ఈ నిర్ణయపు గౌరవమును మన హైదరాబాదువారు తక్కినవారికంటె ఎక్కువగా గుర్తింపవలయును. ఏలయన 1947 ఆగస్టు 15న భారతదేశము స్వతంత్రమైనను, లతీఫ్ గారి పుట్టినయూరు అందు చేరలేదు. 1948 సెప్టెంబరు 17వరకు, అనగా పదుమూడు నెలలు, మన సంస్థానము వేరుగా నిలిచెను. పాతబస్తీలో ఆ నెలలనుగూర్చి పెద్దలు చెప్పిన మాటలు వినని కుటుంబము లేదు. ఒక ఇంటివారికి ఒక భయము, పొరుగింటివారికి వేరొక భయము, రాకపోకలు తగ్గినవి, కొందరు బంధువుల యూళ్లకు తరలిపోయిరి. అట్టి కాలమున ఇద్రీస్ లతీఫను యువకుడు తన మతమువారనేకులు పోయిన దేశమును కాదని, తన జన్మస్థానమింకను చేరని దేశమునకు కొలువు చేయుచుండెను. అతనికి ముందు దారి చూపినవారు లేరు. అతడు సరిగా నిర్ణయించెనా లేదాయని నిరూపించుటకు కాలము కావలసియుండెను. ఆ కాలమును అతడు తన సేవచే నింపెను.

1950 జనవరి 26న ఢిల్లీలో ప్రథమ గణతంత్ర దినోత్సవము జరిగినప్పుడు రాజధానిపై ఎగిరిన విమానశ్రేణియందు లతీఫ్ గారును పాల్గొనిరి. అప్పటికి హైదరాబాదు గూడ భారతదేశమున అంతర్భాగమైయుండెను.

భగవద్గీత మొదటి యధ్యాయమున అర్జునుడు ఎదుటిసేనలో బంధుమిత్రులను చూచి విషాదమునొందెను. ఆ విషాదము పురాణకాలముతో ముగియలేదు. అస్ఘర్ ఖాన్ 1957 మొదలు 1965 వరకు పాకిస్తాన్ వైమానికదళాధిపతి. 1965 జూలైలో ఆ పదవికి నూర్ ఖాన్ వచ్చెను. సెప్టెంబరులో యుద్ధము వచ్చెను. బర్మా గగనమునందు ఒక పక్షమున పోరినవారు ఇప్పుడు రెండు పక్షములైరి. మనకు వార్తాపత్రికలలో శత్రువను మాట ఒక్కటియే కనబడును. లతీఫ్ గారికి ఆ మాట వెనుక ఒక ముఖము, ఒక కంఠస్వరము కనబడుచుండెను. అయినను స్వధర్మమునుండి తొలగకుండుటయే గీత చెప్పిన స్థైర్యము. భారత వైమానికదళపు ఆదర్శవాక్యము గూడ గీతయందలి పదునొకండవ యధ్యాయమునుండి గ్రహింపబడినదే. గీతావాక్యమును చిహ్నముగా ధరించిన దళమునకు తరువాత ఒక ముస్లిము హైదరాబాదీ అధిపతియైనాడనుట మన దేశచరిత్రలో సామాన్యవిషయము కాదు.

గార్హస్థ్యము

ఇంట గెలిచి రచ్చ గెలువవలెనని మన సామెత. లతీఫ్ గారు రెంటను గెలిచిరి. వారి ధర్మపత్ని బిల్కీస్ లతీఫ్ గారు. ఆమె మన హైదరాబాదువారగు నవాబు అలీ యావర్ జంగు గారి కుమార్తె. జంగు గారు ఉస్మానియా, అలీఘరు విశ్వవిద్యాలయములకు ఉపాధ్యక్షులై, ఫ్రాన్సు, అమెరికా మొదలగు దేశములకు రాయబారియై, 1971లో మహారాష్ట్ర గవర్నరై, 1976లో ఆ పదవియందుండగనే పరమపదించిరి. బిల్కీసు గారి తల్లి ఫ్రెంచి వనిత. ఇట్టి సుఖోచితమైన ఇంట పెరిగిన ఆమె, రెండుమూడేండ్లకొకమారు మూటగట్టుకొని ఊరు మారవలసిన సైనికుని గృహిణియైనది.

సైనికుని భార్య జీవితమును గూర్చి మనవారికి తగినంత తెలియదు. భర్త విమానమెక్కి పోయిన దినమున పిల్లలకు అన్నము పెట్టుచు, వారికి భయము తెలియనీయకుండ, ఆకాశమునందలి ధ్వనిని చెవులతో లెక్కించుచు గడపవలయును. ప్రతి క్రొత్తయూరను క్రొత్త బడి, క్రొత్త భాష, క్రొత్త ఇరుగుపొరుగు. పదవి పెరిగినకొలది పై అధికారి భార్య తక్కిన గృహిణులకు పెద్దదిక్కు కావలయును. ఏ యింట దుర్వార్త వచ్చినను ముందుగా పోవలసినది ఆమెయే. ఇవన్నియు జీతపు పట్టికలో చేరని సేవలు. బిల్కీసు గారు ఈ కర్తవ్యములను నెరవేర్చుటతో ఆగక, బొంబాయిలో ధారావి యను పెద్ద మురికివాడలో స్త్రీలకును పిల్లలకును సేవచేసిరి. 2009లో భారతప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ బిరుదమునిచ్చినది. ఆంధ్ర, హైదరాబాదు వంటకములను గూర్చి గ్రంథము వ్రాసిరి. అన్నిటికంటె మనము మెచ్చుకొనవలసినది, భర్తగారి జీవితచరిత్రను ఆమెయే గ్రంథముగా వ్రాసిపెట్టుట. వీరగల్లును ఊరివారు నిలుపుదురు. ఈ వీరుని గల్లును ఇల్లాలు అక్షరములతో చెక్కినది.

ఆధిపత్యము

1961 మొదలు లతీఫ్ గారు అమెరికాలోని మన రాయబార కార్యాలయమున వైమానిక ప్రతినిధిగా పనిచేసిరి. 1971 యుద్ధకాలమున ప్రధానకార్యాలయమునందు ప్రణాళికల విభాగపు బాధ్యత వారిది. యుద్ధమనగా తుపాకి ప్రేల్చుటయేయని సామాన్యజనులు తలంతురు. కాని ఎన్ని విమానములు, ఎన్ని చక్రములు, ఎంత ఇంధనము, ఎందరు మరమ్మతుదారులు, ఏ దినమునకు ఏ విడిభాగమెచ్చట నుండవలయును అను లెక్క తప్పినచో శూరుడును నేలపైనే కూర్చుండవలయును. వివాహమున వంటశాల లెక్క చూచినవారికి ఈ విషయము సులభముగా బోధపడును. వారి విశిష్టసేవకు పరమ విశిష్ట సేవాపతకము లభించెను.

1978 సెప్టెంబరు 1న మూల్గావ్‌కర్ గారి అనంతరము లతీఫ్ గారు వైమానిక దళాధిపతియై, 1981 ఆగస్టు 31 వరకు ఆ పదవి నిర్వహించిరి. ఇంతవరకు భారతదేశమున ఆ పదవినలంకరించిన ముస్లిము ఆయనయొక్కరే. వారి కాలమున దళమునకు నూతన జీవము వచ్చినది. శత్రుదేశపు లోతట్టు ప్రాంతమువరకు పోయి రాగల విమానము కావలయునను ఆలోచన చాలకాలము కాగితములమీదనే నలిగి, తుదకు జాగ్వార్ విమానములకు ఒప్పందము కుదిరి, 1979 జూలైలో మొదటివి అంబాలాకు చేరినవి. పిమ్మట ఆ జాతి విమానములు మన దేశముననే బెంగుళూరు కర్మాగారమున తయారుచేయబడెను. మిగ్ 23, మిగ్ 25 విమానములును వారి కాలముననే దళమున చేరినవి.

పదవీవిరమణకు కొలదిదినములముందు, ఏబదియెనిమిదవ యేట, లతీఫ్ గారు మిగ్ 25 విమానమున ఎగిరిరి. అది ధ్వనివేగమునకు రెండున్నర రెట్లకు మించి పోగలది. కరాచీలో పైకప్పులేని వాపిటీతో మొదలైన యాత్ర దానితో ముగిసినది. ఒక మనుష్యుని ఉద్యోగకాలమున ఒక శాస్త్రమెంత దూరము పోవునో దీనివలన తెలియుచున్నది. ఆ మార్పులతో తానును మారుచు, ప్రతి క్రొత్త యంత్రమునొద్ద మరల శిష్యుడై కూర్చుండుటయే వారి గొప్పతనము. ఉపాధ్యాయవృత్తిలో తలనెరసిన మాకు ఇది అన్నిటికంటె ప్రియమైన గుణము.

ఉత్తరజీవితము

1982 మార్చిలో వారు మహారాష్ట్ర గవర్నరుగా నియమితులై, 1985 ఏప్రిల్ వరకు ఆ పదవియందుండిరి. విధివిలాసమెట్టిదో చూడుడు! తండ్రి కన్నుమూసిన రాజభవనమునకే బిల్కీసు గారు గవర్నరుగారి గృహిణియై మరల ప్రవేశించినది. 1983లో బొంబాయిలో నెలకొల్పబడిన బధిరుల జాతీయసంస్థ నేటికిని అలీ యావర్ జంగు గారి పేరనే నడచుచున్నది. 1985లో లతీఫ్ గారిని ఫ్రాన్సుదేశమునకు రాయబారిగా పంపిరి. ఆ పదవియు పూర్వము మామగారు నిర్వహించినదే. అల్లుడు మామ పీఠములను రెంటిని అధిష్ఠించుట మా యెరుకలో మరియొకటి లేదు.

1988లో ఆ కొలువును ముగించి దంపతులు హైదరాబాదునకు మరలివచ్చిరి. ఢిల్లీలోనో బొంబాయిలోనో స్థిరపడుటకు వారికి అడ్డేమియు లేదు. అయినను పుట్టినయూరినే కోరిరి. అటుపిమ్మట ముప్పదియేండ్లు వారిచ్చటనే జీవించిరి. ఉద్యోగమున నలుబదియేండ్లకు సమీపమైన కాలము, రాజకార్యములందు ఆరేండ్లు, స్వస్థలమున ముప్పదియేండ్లు: ఇది సంపూర్ణమైన మనుష్యజీవితము. మనవారు చెప్పు నాలుగాశ్రమములు గ్రంథములందేకాక ఈ విధముగా మనుష్యులందును కానవచ్చును.

2017 అక్టోబరులో బిల్కీసు గారు స్వర్గస్థులైరి. ఆరుమాసములు గడచినవి. 2018 ఏప్రిల్ నెలాఖరున, తొంబదియైదవ యేట, లతీఫ్ గారును ఈ లోకమును వీడిరి. యుద్ధములను, సముద్రములను, అడవులను దాటివచ్చిన ఆ వృద్ధవీరుడు భార్య లేని ఇంట ఆరునెలలు మాత్రమే ఉండగలిగెను. దీనికి వ్యాఖ్య అనవసరము.

మన కర్తవ్యము

ఇక ఆరంభమున చెప్పిన ప్రశ్నకు వత్తము. కులసంఘ సంచికలో ఈ చరిత్రయేల? కులసంఘము ఇల్లువంటిది. ఇంటివాడు ఇంటిని ప్రేమించుట సహజము, ఉచితము. విద్యార్థులకు వేతనములు, వితంతువులకు సహాయము, పేదకన్యలకు వివాహములు మనము చేసికొనకున్న వేరెవరు చేయుదురు? కాని ఇల్లు ఊరిలోనిది, ఊరు దేశములోనిది. 1947లో లతీఫ్ గారిని పిలిచినది తన వారను పిలుపే. తనవారు అను మాటకు ఎంత వైశాల్యమీయవలయునో ఆయన ఇరువదినాలుగేండ్ల వయస్సున తేల్చుకొనెను. మన పిల్లలకును అట్టి పిలుపులు వచ్చుచునేయుండును. అప్పుడు వారేమి చేయుదురనునది మనము ఇంటిలో, సభలో, ఇట్టి సంచికలలో వారికేమి చెప్పితిమనుదానిపై ఆధారపడియుండును.

రెండవ మాట. మనవారిలోను సైన్యమున పనిచేసి తిరిగివచ్చినవారు కలరు. పాతబస్తీ సందులలో వారి ఇండ్లు కలవు. కొందరు కాపలాదారులుగా, కొందరు చిన్న దుకాణదారులుగా శేషజీవితము గడపిరి. తాతగారి పతకము పిల్లల ఆటవస్తువైనది; విడుదలపత్రము చెదలపాలైనది; ఆయన ఏ దళమున పనిచేసెనో మనుమలకు తెలియదు. లతీఫ్ గారి వంటివారి పేరు దేశచరిత్రలో నిలిచియుండును. ఈ సామాన్యసైనికుల పేర్లను మనము నిలుపకున్న నిలుపువారు లేరు.

కావున మేము మహాసభవారికి మూడు విన్నపములు చేయుచున్నాము. ప్రతిశాఖయు తన పరిధిలోని మాజీసైనికుల పట్టికనొకదానిని సిద్ధముచేయవలయును. పేరు, పుట్టిన సంవత్సరము, దళము, పనిచేసిన స్థలములు అందు వ్రాయవలయును. వానితోపాటు వాని భార్యపేరును తప్పక వ్రాయవలయును. వారి పత్రములకును ఛాయాచిత్రములకును ప్రతులు తీయించి సంఘకార్యాలయమున భద్రపరుపవలయును. దీనికగు వ్యయము స్వల్పము, మహారాజపోషకులలో ఒక్కరు తలచిన చాలును. జీవించియున్న వృద్ధసైనికులను వచ్చు మహాసభకు సకుటుంబముగా పిలిపించి, వారిచేతనే వారి కథను చెప్పించి, ఆ మాటలను సంచికలో అచ్చువేయవలయును.

చనిపోయినవానికి శిల నిలుపుట మన పూర్వులు మనకు నేర్పిన ధర్మము. బ్రతికివచ్చినవానిని అతడు బ్రతికియుండగనే పలుకరించుట మనము మన పిల్లలకు నేర్పవలసిన ధర్మము. వృద్ధులు మనకొరకు వేచియుండరు. కావున ఈ పట్టికకార్యము ఈ మహాసభ ముగియకముందే ఆరంభమగునుగాక.